మేనేజర్ గారిని అడగండి

మొన్న మదనపల్లెలో బజారుకు వెళ్తుంటే ఏదో నూనె మిల్లులోంచి వేడి వేరుశెనగ చెక్క వాసన వచ్చింది. కాళ్లు వాటంతట అవే ఆగిపోయాయి. డెబ్బైల చివర పుంగనూరులో నేను గుమాస్తాగా పనిచేసిన మిల్లు అంతా అదే వాసన. ఆ మిల్లు ఇప్పుడు లేదు. దాని మేనేజరు చెంగల్రాయుడు గారూ లేరు. పని పోయిన కూలీల డబ్బు ఆయన మింగాడని మాత్రం పుంగనూరులో ఇప్పటికీ అంటారు. అది అబద్ధం. అబద్ధమని బాగా తెలిసినవాణ్ణి నేనే.

మిల్లులో పని మానేసి వెళ్లేవాళ్లకు యజమాని తాంబూలం పళ్లెంలో డబ్బు పెట్టి ఇచ్చేవాడు. తాంబూలంలో వచ్చిన డబ్బును ఇచ్చినవాళ్ల ఎదుట ఎవరూ లెక్కపెట్టరు. కళ్లకద్దుకుని వెళ్లిపోతారు. చెంగల్రాయుడు గారికి ఆ పద్ధతి నచ్చేది కాదు. నష్టాలొచ్చి మిల్లు మూసేస్తారని తేలాక, పనివాళ్లను ఒక్కొక్కరినే పిలిచి తన ఎదుట కుర్చీలో కూర్చోబెట్టారు. బాయిలరు దగ్గర పనిచేసే రెడ్డెప్ప కూర్చోనే కూర్చోడు.

"కూచోప్పా. యజమాని పొమ్మంటే, నువ్వు చేసిన ఒక్కో ఏడాదికీ పదైదు దినాల కూలి నీకు రావల్ల. అది ఆయన దయ కాదు, నీది. ఇచ్చినప్పుడు ఆడనే లెక్కబెట్టుకో."

"పెద్దాయన ముందర లెక్కబెడితే ఏం బాగుంటాది సార్?"

"ఇంటికాడ నీ పెండ్లాం లెక్కబెట్టదా? ఆయమ్మకుండే ధైర్యం నీకు ల్యాదా?"

రెడ్డెప్ప నవ్వేశాడు. ఎవరికెంత రావాలో ఆయన నా చేతే లెక్క కట్టించారు. ఎదుటివాడికి అర్థమయ్యేదాకా చెప్పకపోతే అసలు చెప్పినట్టే కాదని నేను నేర్చుకున్నది అక్కడే.

తీరా మిల్లు మూసేనాటికి ఆయన జ్వరంతో మదనపల్లె ఆసుపత్రిలో ఉన్నారు. యజమాని కొత్త పంచెలు, తమలపాకులు తెప్పించి, రావలసినదాంట్లో సగమే పళ్లెంలో పెట్టించాడు. పళ్లెం పట్టుకున్నది నేను. సగమేనని నాకు తెలుసు. కుప్పంలో తనకున్న మండీలో నాకు ఉద్యోగం ఇస్తానన్నాడు యజమాని. నోరు మూసుకున్నాను. ఒక్కరూ లెక్కపెట్టలేదు. రెడ్డెప్ప యజమాని కాళ్లకు మొక్కాడు కూడా.

మర్నాడు అందరూ నా దగ్గరికొచ్చారు. "సార్ చెప్పిన దాంట్లో సగమే ఉండాదే, యాలప్పా?" అని రెడ్డెప్ప అడిగాడు. "మేనేజర్ గారిని అడగండి" అన్నాను. అంతే అన్నాను. ఆ ఒక్కమాటతో మిగతా సగం ఎవరి దగ్గరుందో ఊరు తేల్చేసుకుంది.

ఆయన జ్వరం తగ్గి వచ్చాక యజమానితో తగాదా పడి, కార్మిక శాఖ ఆఫీసు చుట్టూ ఏడాదిపాటు తిరిగారు. చివరికి మిగిలిన డబ్బు కూడా ఇప్పించారు. "కేసంటే బయపడి మింగింది కక్కినాడు" అన్నారు జనం. నేను అప్పటికే కుప్పంలో ఉన్నాను. ఒకసారి ఆయన ఏదో పని మీద అక్కడికొచ్చి, నన్ను వెతుక్కుంటూ మండీకి వచ్చారు. కాఫీ తాగించారు. "అమ్మ ఎట్లుండాదప్పా? వేళకు తింటాండావా?" అని అడిగారు. పళ్లెం సంగతి ఎత్తలేదు. ఎత్తితే చెప్పేద్దామని బస్టాండుదాకా వెంట వెళ్లి, బస్సు కదిలేదాకా ఎదురుచూశాను. ఆయన కిటికీలోంచి చెయ్యి ఊపారు.

ఆయన పోయారని తెలిశాకే పుంగనూరు వెళ్లి రెడ్డెప్పకు ఉన్నదంతా చెప్పాను. తిడతాడనుకున్నాను.

"బజార్లో ఎదురొస్తే మొగం తిప్పుకుంటినప్పా. శానాసార్లు. ఆయప్ప నిలబడి సూస్తానే ఉండె. ఈ మొగం ఇప్పుడెవురికి సూపించేది?"

చెంగల్రాయుడు గారే ఉంటే రెడ్డెప్పను ఎదుట కూర్చోబెట్టి, ఏదో ఒకటి అని నవ్వించేవారు. ఏమనేవారో ఎంత ఆలోచించినా నాకు తోచలేదు. ఇప్పటికీ తోచదు.