పుంజుకు కొమ్ము

నా చిన్నప్పుడు, రాజుపాలెం బడిలో ప్రార్థన అయ్యాక రోజూ ఎవరో ఒకరు దినపత్రికలోంచి నాలుగు వాక్యాలు గట్టిగా చదవాలి. ఏడో తరగతిలో నా వంతు వచ్చిన రోజు లేజర్ గురించి ఏదో పడింది. ‘లేజర్ అంటే ఒకే రంగుతో, ఒకే దిశలో సాగే కాంతి పుంజం’ అని ఉంటే, కంగారులో ‘కాంతి పుంజు’ అని చదివాను. కోడిపందేలు ఎరిగిన ఊరు మాది. బడంతా ఘొల్లుమంది. వెనక వరసలోంచి ఎవరో ‘కొక్కొరోకో’ అన్నారు.

మధ్యాహ్నం అన్నానికి వచ్చినదాన్ని మళ్ళీ బడికి వెళ్ళలేదు. ఇక ఎప్పటికీ వెళ్ళకూడదనుకున్నాను. పక్కింట్లో పరుపులకు దూది ఏకే తాతయ్య గదిలో, బస్తాల చాటున కూర్చున్నాను.

“ఏందే, బడికి పోలా?”

ఏడుస్తూనే చెప్పాను.

“ఓసి పిచ్చిదానా, పుంజుకి కొమ్మేందే! ఆ కొమ్ము పీకి సున్నా పెట్టు, పుంజం అయిపాయె. ఇంతకీ పుంజమంటే ఏంది?”

నాకు తెలియదు. చదివానే గానీ, అదేమిటని ఆలోచించలేదు.

తాతయ్య తలుపు మూశాడు. పెంకు సందులోంచి పడ్డ ఎండ నేల మీద రూపాయి బిళ్ళంత మెరుస్తోంది. “అది వచ్చిన దారి కనపడతందా?” అన్నాడు. లేదన్నాను. దూది ఏకే విల్లు తీసుకుని కుప్ప మీద దాని నారి మోగించాడు. నూగు లేచింది. కప్పు నుంచి నేల దాకా ఏటవాలుగా, తెల్లగా వెలుగు నిలబడింది.

“అదే నీ పుంజం. ఇందాకటి నించీ ఈడనే ఉంది. నీకే కనపళ్ళా.”

చిటికెడు దూది తీసి ఊదితే నలుదిక్కులా పోయింది. ఇంకో చిటికెడు వేళ్ళ మధ్య పురిపెట్టి, దారం చేసి నా చేతికిచ్చాడు. “బల్బు వెలుగు ఆ ఊదిన దూది. నువ్వు చదివింది ఈ దారం లాంటిదై ఉంటది. పోగులన్నీ ఒక్క దారినే పోతన్నయి. లేజరు నేనేడ చూశాలే, మీ అయ్యోరిని అడుగు.”

అడగాలంటే బడికి పోవాలి కదా! మర్నాడు ఆ దారం వేలికి చుట్టుకుని వెళ్ళాను. నా వంతు కాకపోయినా అడిగి, ఆ వాక్యమే మళ్ళీ చదివాను. సున్నా గట్టిగా పలికాను. అయినా ‘కొక్కొరోకో’ వినిపించింది. ఈసారి నాకూ నవ్వొచ్చింది.

తర్వాత పత్రికాఫీసులో ఏళ్ళ తరబడి ఇతరుల వాక్యాలు దిద్దాను. నాకు అర్థం కాని మాటను అచ్చుకు పంపలేదు. ఆ పెంకుటిల్లు లేదు, తాతయ్య పోయి చాలా కాలమైంది. ఇప్పటికీ కిటికీలోంచి ఎండ పడితే తలగడ ఒకసారి దులుపుతాను. పుంజం లేచి నిలబడుతుంది. ఆ వింటి నారి మోత ఒక్కటే వినిపించదు.