తొంభై రెండు శాతం కోపం

ఆ రోజుల్లో ఎదుటి మనిషి మనసు నాకు తెలిసినంతగా అతనికే తెలియదని నమ్మేవాణ్ణి. మాదాపూర్ హాస్టల్లో ఉంటూ, పాత పుస్తకమొకటి చూసి సంభావ్యత లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను (గురువు లేడు, కాబట్టి తప్పని చెప్పేవాడూ లేడు). నా గదిలో ఉండే వరంగల్ అతను రెండేళ్లు పెద్ద, హాస్టలంతటికీ ‘అన్న’. రోజూ సాయంత్రం "నడువ్ తమ్మీ, చాయ్ తాగొద్దాం" అని నన్ను లాక్కుపోయేవాడు. ఒక ఆదివారం క్యారమ్ ఆటలో అతని పాయింట్ల లెక్క తప్పని అందరి ముందూ రుజువు చేశాను. మర్నాటి నుంచి నాలుగు రోజులు చాయ్‌కి పిలవలేదు, సరిగ్గా మాట్లాడనూ లేదు. అతని ముఖం వైపైనా చూడకుండా లెక్క కట్టాను: కోపమయ్యే అవకాశం తొంభై రెండు శాతం. పొమ్మనకముందే పరువుగా పోదామని, అతను ఆఫీసులో ఉన్నప్పుడు పెట్టె సర్దుకుని మణికొండకు మారిపోయాను. అతను ఫోన్ చేస్తే ఎత్తలేదు (తిట్లు పడే అవకాశం ఎనభై ఆరు).

మూడు వారాలైనా నిద్ర పట్టక ఒక కౌన్సెలర్ మేడమ్‌ దగ్గరికి వెళ్లాను. మనల్ని తినేస్తున్న ఆలోచనను కాగితం మీద పెట్టించి, దానికి సాక్ష్యమేమిటో వెతికించి, ఆపైన పరీక్షించి రమ్మనడమే ఆవిడ వైద్యం. కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ అంటారట.

"ఈ తొంభై రెండు ఎంతమందిని అడిగితే వచ్చిందండీ?"

"ఒక్కరినండీ."

"మీ అన్ననా?"

"కాదండీ, నన్నే."

ఆవిడ నవ్వలేదు. "ఆయన పిలవకపోవడం జరిగిన విషయం. కోపం మీరు కలిపారు. వెళ్లి అడగండి, ఇదే మీ హోంవర్కు."

వెళ్లేసరికి అన్న బట్టలు సర్దుతున్నాడు.

"కోపమేంది తమ్మీ! పన్ను పీకించుకున్న. వేడిది తాగొద్దన్నడు డాక్టర్. బుగ్గ బూరె లెక్క ఉబ్బింది, నోట్ల దూది. నిన్నెట్ల పిలుస్త?"

"మరి క్యారమ్?"

"ఏ క్యారమ్?" అని చొక్కా మడతపెడుతూ, "చెప్పకుండ పోతివి. నేనేం తప్పు చేసిన్నో అని మస్తు పరేషానైన. ఇగ ఈడ ఎవరున్నరని, ఆఫీసోళ్లు పుణె పోతవా అంటే సరే అన్న. రేపే రైలు" అన్నాడు.

వైద్యం నన్ను మార్చింది గాని ఆ రైలును ఆపలేకపోయింది. ఇప్పటికీ ఎవరైనా పలకరించకుండా పోతే బుర్రలో లెక్క మొదలవుతుంది. కాగితం మీద రాసుకుంటాను, సాక్ష్యం గడి ఖాళీగా కనిపిస్తే వెళ్లి అడిగేస్తాను (చాలాసార్లు పాపం ఆ మనిషికి ఆకలి, అంతే). ఆనాటి లెక్కల పండితుణ్ణి తలచుకుంటే జాలీ నవ్వూ కలిసి వస్తాయి. మా రెండు మంచాల మధ్య దూరం మహా అయితే మూడడుగులు. అదొక్కటే కొలవలేదు.