అక్క గదిలో కుంపటి... నాకు గుర్తొచ్చిన సమీకరణం

మా చిన్నప్పుడు... సరోజన టీచర్ ఒకరోజు తొమ్మిదో తరగతి పిల్లలందరినీ వరండాలో నిలబెట్టి, కొందరిని గాలిగా, కొందరిని బొగ్గుగా మార్చేసింది!

రసాయన సమీకరణాలంటే మాకు హడల్. బోర్డు మీద బాణం గీసి అటూ ఇటూ అంకెలు వేస్తుంటే అదేదో మంత్రంలా ఉండేది. అందుకే ఆవిడ సుద్దముక్క పక్కన పెట్టి మమ్మల్ని బయటికి తీసుకొచ్చింది.

"ఆక్సిజన్ ఒంటిగ తిరగది. ఎప్పుడూ జంటనే. ఇద్దరిద్దరు చేతులు పట్టుకోండ్రి" అంది. తర్వాత నన్ను ముందుకు పిలిచి, "నువ్వు కార్బన్‌వి, బొగ్గువన్నట్టు. గాలి మంచిగుంటే ఒక జంట వచ్చి నీ రెండు చేతులు పట్టుకుంటది. గదే కార్బన్ డయాక్సైడ్" అని చెప్పింది.

అంతవరకు సులువే...

ఈసారి నా పక్కన స్వరూపను ఇంకో బొగ్గుగా నిలబెట్టి, మా ఇద్దరి దగ్గరికీ ఒక్క జంటనే పంపింది. "గాలి సరిపోలె. ఇప్పుడెట్ల?" అంది. జంట విడిపోయి నాకొకరు, స్వరూపకొకరు వచ్చారు. ఇద్దరికీ ఒక్కో చెయ్యి ఖాళీగా ఉండిపోయింది.

"గిది కార్బన్ మోనాక్సైడ్. రంగుండదు, వాసనుండదు. మనిషిని సప్పుడు లేకుంట పడగొడ్తది. ఇగ లెక్కవెట్టుండ్రి... బాణానికి ఇటెంతమంది ఉన్నరో, అటు గూడ అంతే మంది ఉండాలె."

2C + O₂ → 2CO. బోర్డు మీద నేనే రాశాను. ముందున్న ఆ రెండు ఎందుకో మొదటిసారి నాకు అర్థమైంది.

ఆ వానాకాలమే మా అక్క మొదటి కాన్పుకు బొగ్గుబాయి కార్మికులుండే సెంటినరీ కాలనీలోని మా క్వార్టర్‌కు వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. తల్లినీ బిడ్డనూ చూసుకునే పని మా బాపమ్మది... అంటే మా బాపు వాళ్ళ అమ్మ. కాలనీలో ఎవరింట్లో కాన్పయినా పసివాళ్ళకు నూనె రాయాలన్నా, నీళ్ళు పోయాలన్నా ఆమెకే పిలుపు వచ్చేది.

ఒకరోజు బాగా ముసురు పట్టింది. బడి నుంచి తడుస్తూ ఇంటికొచ్చి నేరుగా అక్క గదిలోకి వెళ్ళాను. బాలింతకు చలిగాలి తగలకూడదని బాపమ్మ కిటికీ మూసి, సందుల్లో గుడ్డలు కుక్కింది. మంచం పక్కన కుంపటి... బొగ్గులు బయటే రాజేసి, పొగంతా పోయి ఎర్రబడ్డాకే లోపలికి తెచ్చింది. ఆమె జాగ్రత్త ఆమెది.

అక్క తల పట్టుకుని కూర్చుంది. "తల పల్గుతున్నది చెల్లె... కడుపుల తిప్పుతున్నది" అంది. మాట ముద్దగా వస్తోంది. దిష్టి తగిలిందేమోనని అమ్మ ఉప్పూ మిరపకాయల కోసం వంటింట్లోకి వెళ్ళింది.

నేను కుంపటి వైపు చూశాను. పొగ లేదు. వాసన లేదు. మూసిన కిటికీ, మూసిన తలుపు... వరండాలో ఖాళీగా ఉండిపోయిన నా చెయ్యి గుర్తొచ్చింది. అప్పుడే బాపమ్మ తలుపు తోసుకుని లోపలికొచ్చింది.

"బాపమ్మా, కుంపటి బయట పెట్టు! గాలి సాలక విషం గ్యాస్ వస్తున్నది!"

"పొగనే లేదు, గ్యాస్ ఏడిదే? మేమందరం కుంపటి పెట్టుకోనే కన్నం. మీ బాపు గిట్లనే పెరిగిండు."

"అప్పుడు మనది పెంకల ఇల్లు బాపమ్మా! సందులల్లకెల్లి గాలొచ్చేది. ఇది స్లాబు... గాలి ఏడికెల్లి వస్తది?"

ఆమె ఏదో అనబోయింది. నేను ఆగలేదు. గుడ్డలు పీకేసి కిటికీ తెరిచాను. తలుపు బార్లా తీసి, పాపను ఎత్తుకుని వరండాలోకి పరుగెత్తాను. "అయ్యో, పసిపోరికి చలిగాలే!" అని అరుస్తూ బాపమ్మ నా వెనకే వచ్చింది. మా వెంట రాబోయిన అక్క గడప దగ్గరే కుప్పకూలింది.

బాపమ్మ ముఖం పాలిపోయింది. ఆమే, అమ్మా కలిసి అక్కను వరండాలోకి లాగారు. పక్క క్వార్టర్ మల్లన్న కాక ఆటో తెచ్చాడు. దవాఖానలో అక్కకు ఆక్సిజన్ పెట్టారు. రాత్రికి కళ్ళు తెరిచి "నా బిడ్డేది?" అని అడిగింది. పాప మా అమ్మ ఒళ్ళో కేరుమంటోంది. ఆ ఏడుపు అంత తియ్యగా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలీదు...

"ఇంకాస్త ఆలస్యమైతే ఇద్దరూ దక్కేవారు కాదు. తలుపు తీసిందెవరు?" అని డాక్టర్ అడిగాడు. అందరూ నా వైపు చూశారు.

షిఫ్టు దిగిన బాపు డ్యూటీ బట్టలతోనే వచ్చాడు. "బొగ్గుబాయిల గ్యాస్ చూసినంకనే మమ్ముల లోపటికి తోలుతరు. ఇంట్లకు గూడ వస్తదని నాకు సోయి లేకపాయె" అన్నాడు. తర్వాత నా తల మీద చెయ్యి పెట్టి, వార్డంతా వినపడేలా... "నా బిడ్డ! చదువుకున్నది నా బిడ్డ!"

సరోజన టీచర్‌కు చెబితే కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడుచుకుంది.

అసలు సంగతి ఆ తర్వాత... అక్క కోలుకోగానే బాపమ్మ నన్ను వెంటేసుకుని బాలింతలున్న ప్రతి ఇంటికీ తిరిగింది. "తలుపు దెర్వుండ్రి. కుంపటి అవుతల పెట్టుండ్రి. ఎందుకో మా పోరి చెప్తది" అనేది. "చిన్నపిల్ల మాట పట్టుకోని ఏంది పెద్దవ్వా?" అని ఎవరైనా నవ్వితే, "నా ఇంట్ల రెండు పానాలు నిలవెట్టింది. ఇంటె మీకే మంచిది" అని కసిరేది. నేను గుమ్మంలో నిలబడి, గొంతు సవరించుకుని పాఠం చెప్పేదాన్ని. పెద్దవాళ్ళు చెవులు రిక్కించి వినేవారు!

ఇప్పుడు మా వైపు క్వార్టర్లలో కుంపటి కనిపించదు. మంచిదే. బాపమ్మా లేదు. ఏదైనా జాగ్రత్త చెప్పాలంటే గ్రూపులో ఒక మెసేజ్ పడేస్తున్నాం... చదివేవాళ్ళు చదువుతారు, లేకుంటే లేదు. అక్షరం ముక్క రాని మా బాపమ్మ మాత్రం ఒక రసాయన సమీకరణాన్ని వానలో, బురదలో, ఇల్లిల్లూ నడిచి పంచింది.

మీరు బళ్ళో నేర్చుకున్న ఏ పాఠం మీ ఇంటికి అక్కరకొచ్చింది? రాయండి... అప్పుడు మీ మాట నమ్మి మీ వెంట నడిచిన మనిషి గురించి కూడా రాయండి.