చిలక బతికిన కథ

పాత కథలను కొంచెం మార్చి పిల్లల కోసం మళ్ళీ రాయడం నాకు ఇష్టమైన పని. పలమనేరులో మా ఇంట్లో ఆ పని గిట్టనిది మా అత్తకే. తను చిన్నప్పుడు విన్న కథను ఒక్క మాట పొల్లుపోకుండా చెప్పడం ఆమె పద్ధతి. మా పాప రెండో తరగతి చదివేటప్పుడు, సాయంత్రం పాలు పితకడం అయ్యాక ఇద్దరూ వాకిట్లో కూర్చునేవాళ్ళు. నేను వంటింట్లోంచి వినేదాన్ని.

ఒకరోజు మాంత్రికుడి కథ చెప్పింది. వాడు రాకుమారిని ఎత్తుకుపోయి కోటలో పెట్టి తాళం వేస్తాడు. వాడి ప్రాణం ఎక్కడో అడవిలో ఒక చిలకలో ఉంటుంది. రాకుమారుడు వెళ్ళి చిలక మెడ విరుస్తాడు, మాంత్రికుడు చస్తాడు.

పాప మొహం చిన్నబోయింది. “అవ్వా, చిలక ఏం తప్పు చేసింది?”

“తప్పు దానిది కాదు మే, వానిది. వాని పానం దాంట్లో ఉండాది.”

“మెడ మాత్రం చిలకదే కదా?”

అత్త పాల చెంబు తీసుకుని లేచింది. “కతలో అట్లే ఉండాది. పోయి అన్నం తిను” అంది.

ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఆ వారమే కథ మార్చి రాశాను. నా కథలో చిలక మంచి మాటలు చెబితే మాంత్రికుడు మనసు మార్చుకుంటాడు. చదివి వినిపిస్తుంటే పాప మధ్యలోనే ఆవులించింది. అత్త మాత్రం చివరిదాకా విని, “మంచి మాటకు మారేవాడైతే ఆయమ్మిని ఎందుకు ఎత్తుకపోతాడు?” అంది. నాకు ఉక్రోషం వచ్చింది. ఆమె మాట నిజమని తెలిసేసరికి ఇంకా ఎక్కువైంది.

కొన్నాళ్ళకు చిత్తూరులో ఒక బడివాళ్ళు పిల్లలకు కథలు చెప్పమని నన్ను పిలిచారు. అదే రోజు అత్తను అక్కడ కంటి డాక్టరుకు చూపించాలి. పాపను కూడా తీసుకుని ముగ్గురం బస్సెక్కాము. ముందురోజు నుంచే నాకు జలుబు. బడికి చేరేసరికి గొంతు పూర్తిగా పోయింది. నోరు తెరిస్తే గాలి తప్ప మాట రావడం లేదు. ఎదురుగా పిల్లలు బారులు తీరి కూర్చున్నారు. చేసేది లేక అత్త వైపు చూశాను. ఆమె కొంగు సర్దుకుని కుర్చీలో కూర్చుని, మాంత్రికుడి కథే మొదలుపెట్టింది.

“రాకుమారుడు సిలకను పట్టుకుని మెడ మీద సెయ్యేసినాడు” అని ఆగింది. ముందు వరసలో మా పాప కళ్ళు గట్టిగా మూసుకుని ఉంది. అత్త దాన్నే చూస్తూ ఉండిపోయింది.

“ఏసినాడు గానీ, మనసు రాక ఇడిసిపెట్టేసినాడు. సిలక తుర్రుమనింది. ఇంగ సూడండి మాంత్రికుని అవస్త. పిల్లి పట్టుకుంటే వాడు సస్తాడు, గద్ద తన్నుకపోతే సస్తాడు. కోట తలుపులు బార్లా తీసి సిలక ఎంట పరిగెత్తినాడు. ఆయమ్మి నిదానంగా బయటికొచ్చింది.”

పాప కళ్ళు తెరిచింది. పిల్లలు పడీ పడీ నవ్వుతున్నారు.

“ఆ చిలక ఇప్పుడు యాడుండాది అవ్వా?” అని వెనకనుంచి ఒకరు అడిగారు.

“మీ మామిడి తోపుల్లోనే. కాయ కొరికి పడేసింటే అదే. రాయి మాత్రం ఇసరొద్దండి. వాడు కిందే కాపలా ఉంటాడు, వానికి తగులుతాది.”

“మరి రాకుమారి పెండ్లి?” అంది ఒక ఆడపిల్ల.

“వాళ్ళమ్మను సూసి శానా దినాలాయ గదా, ముందు ఇంటికి పోయింది. పెండ్లి మాట మళ్ళ.”

తిరుగు బస్సులో పాప నా ఒళ్ళో నిద్రపోయింది. “కథ మార్చకూడదంటివి కదత్తా” అన్నాను బొంగురు గొంతుతో.

“నేనేడ మార్చినాను? సెప్తా ఉంటే సిలకే ఎగిరిపోయింది” అని ఆమె కిటికీ వైపు తిరిగింది.

నా కథ పక్కన పెట్టేసి, ఆమె చెప్పింది చెప్పినట్టే రాశాను. పిల్లల పుస్తకంలో అచ్చయింది. పాప చదివి వినిపిస్తే అత్త శ్రద్ధగా విని, గద్ద గురించి ఇంకొంచెం రాసి ఉండాల్సిందని అంది.