మానకూడని గాయం

మా పెద్దమ్మ ఆసుపత్రిలో కట్లు కట్టే గదిలో నర్సుగా చేసి రిటైరైంది. ఆవిడ చేతిలో పడ్డాక మానని పుండు లేదని అక్కడ అందరూ చెప్పుకునేవాళ్లు. నోరు మాత్రం చెయ్యంత మెత్తన కాదు. చిన్నప్పుడు నా మోకాలు దోక్కుపోతే, మందు రాసినంతసేపూ తిడుతూనే ఉండేది.

పెదనాన్న వడ్రంగి. పక్షవాతంతో కుడి చెయ్యి పడిపోయాక మళ్లీ ఉలి ముట్టలేదు. మాట కూడా ముక్కలు ముక్కలైంది. అద్దింటి పెరట్లో తను నాటిన జపాన్ మేపుల్ కింద కుర్చీ వేసుకుని, పొద్దస్తమానం ఆ ఎర్రాకుల వంకే చూస్తూ కూర్చునేవాడు. అలాంటిది, ఇల్లు అమ్ముడుపోయింది. చలికాలం లోపు ఖాళీ చెయ్యాలి, చెట్టు కొట్టేసి కారు షెడ్డు వేస్తారట. వీళ్లకు దొరికింది మూడో అంతస్తులో చిన్న బాల్కనీ ఉన్న రెండు గదులు.

"అక్కడ గోడ చూస్తూ కూర్చుంటే ఈయన నెల తిరక్కుండా మంచం పట్టేస్తారే," అంది పెద్దమ్మ నాతో. ఆవిడ గొంతులో భయం వినడం నాకదే మొదలు.

ఆ చెట్టునే వెంట తీసుకుపోదామంటే, ముదురు చెట్టును పెళ్లగిస్తే బతకదు. కొమ్మకే వేళ్లు పుట్టించి తీసుకుపోవాలి. దాన్ని గాలి అంటు అంటారని మొక్కలమ్మే ఆయన చెప్పాడు. కొమ్మ చుట్టూ ఉంగరంలా బెరడు ఒలిచి, తడి నాచు పెట్టి, ప్లాస్టిక్ కాగితంతో బిగించాలట. "కట్టు కట్టడం నాకొకళ్లు నేర్పాలా!" అని పెద్దమ్మ సగం వినే వచ్చేసింది. కట్టు మాత్రం ముచ్చటగా కట్టింది.

కొన్ని వారాలాగి విప్పితే ఒక్క వేరు లేదు. ఒలిచినచోట బెరడు పైనుంచీ కిందనుంచీ పెరిగి కలిసిపోయింది.

"ఎంత బాగా మానిందో చూడవే!" అని మురిసిపోయింది. మరుక్షణం మొహం పాలిపోయింది. బెరడు కింద జిగురుగా ఉండే పచ్చపొరను, తెల్లచెక్క తేలేదాకా గీకెయ్యాలి; ఆవిడ వినకుండా వచ్చేసిన సగం అదే. అది మిగిలితే చెట్టు గాయం మాన్పుకుంటుందే తప్ప వేళ్లు వెయ్యదు. ఈవిడేమో దూదితో అద్ది మరీ ఆ పొరను కాపాడింది!

రెండో కొమ్మ ఒలిచింది. కత్తి పచ్చపొర దాకా వెళ్లి ఆగిపోయింది.

"నా వల్ల కాదే. పచ్చిపుండు గీకాలంటే చెయ్యి రావట్లేదు."

నేను కత్తి అందుకోబోయాను. అంతలో పెదనాన్న ఎడమ చెయ్యి చాచాడు. "ఇటు... తే."

ఆవిడ కొమ్మను కదలకుండా పట్టుకుంది. అలవాటు లేని చేత్తో, వంకరటింకరగానే అయినా, తెల్లచెక్క తేలేదాకా గీకాడాయన. చెమటలు కారిపోయాయి. ఆవిడ కళ్లు మూసుకుని "నెమ్మదండీ, నెమ్మది" అంటూనే ఉంది.

ఖాళీ చేసే రోజుకి నాచులో సన్నటి వేళ్లు నాలుగంటే నాలుగు కనబడ్డాయి. ఇంకొన్నాళ్లు ఆగాల్సింది, కానీ ఇల్లు కొన్నవాళ్లు ఆగరు. కట్టు కింద రంపంతో కోసి, కుండీలో నాటి, బాల్కనీలో పెట్టాం. వచ్చీరాగానే ఆకులన్నీ రాలిపోయాయి. చలికాలంలో ఎలాగూ రాలిపోయేవే, అయినా ఆ పుల్లను చూస్తే నాకు ఆశ కలగలేదు. పెదనాన్న మాత్రం దాని ముందే కుర్చీ వేసుకున్నాడు.

చలి తగ్గినా చిగురు లేదు. ఒకరోజు ఆయన స్నానానికి వెళ్లగానే పెద్దమ్మ నన్ను బాల్కనీలోకి లాగింది.

"పోయింది కదే? ఆయనకెలా చెప్పను?"

వంగి గోటితో కాండం మీద గీరింది. లోపల పచ్చగా ఉంది.

"ఏవండీ! బతికే ఉందండీ!" ఇల్లెగిరిపోయేలా అరిచింది.

పెదనాన్న తువ్వాలు చుట్టుకునే వచ్చాడు. "తెలుసు... రోజూ... చూస్తున్నా," అంటూ కుండీని మావైపు తిప్పాడు. అంతవరకూ గోడవైపున్న కాండమంతా గోటిగాట్లే.

పెద్దమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది. కళ్లనీళ్లు కారిపోతుంటే తుడుచుకోకుండానే తిట్లు లంకించుకుంది.

"రోజుకో గాటు పెడితే అదెలా బతుకుతుందండీ? తియ్యండి చెయ్యి ముందు!"