తెల్ల అంచు మీద పసుపు

ఉద్యోగ విరమణకు ముందు సంవత్సరం జూన్‌లో కంపెనీ నన్ను నార్వే పంపింది. అప్పటికి నేను మలేసియాలోని క్లాంగ్‌లో దుప్పట్లు, క్విల్టులు కుట్టే ఒక ఫ్యాక్టరీలో శాంపిల్ రూమ్ సూపర్‌వైజర్‌ని. డిజైనర్ కాగితం మీద గీసినదాన్ని మొదటిసారి గుడ్డలో కుట్టి చూపించడం మా గది పని. కొనేవాళ్లు మెచ్చుకుంటే డిజైనర్‌కు పేరు, కుట్టు ఊడితే మాకు చీవాట్లు. అలాంటిది నేను గీసి, నేనే చేత్తో కుట్టిన క్విల్టు అక్కడి ప్రదర్శన పోటీకి ఎంపికైంది. ముప్పై ఏళ్లలో నా పేరుతో బయటికి వెళ్లిన మొదటి పని అదే.

క్విల్టు అంటే మన బొంతకు దగ్గర చుట్టం. పైన అతుకుల గుడ్డ, మధ్యలో దూది పొర, కింద అస్తరు, మూడింటినీ కలిపి కుట్టు. నాది కొబ్బరాకుల నమూనా, చుట్టూ తెల్లటి అంచు. ఆ తెలుపు ఎందుకు పెట్టానా అని తరవాత చాలాసార్లు నన్ను నేనే తిట్టుకున్నాను. పోటీలో న్యాయనిర్ణేతలు తెల్ల చేతితొడుగులు వేసుకుని ప్రతి మూలా పట్టిపట్టి చూస్తారు. మరక కనబడితే కుట్టు ఎంత బాగున్నా పక్కన పెట్టేస్తారు.

బయల్దేరే రోజు మా అమ్మ తానుండే ఊరు బాగన్ దాతుక్ నుంచి వచ్చింది. నేను పెట్టె తాళం వెతుక్కుంటుంటే, పసుపు నీళ్లలో కలిపి క్విల్టు వెనక మూలకు రాసేసింది. నేను కేకలేశాను.

"కొత్తగుడ్డకి పసుపెట్టకుండా అంత దూరం ఎలగ అంపుతానే? ఎనకాల మూలనే కదా ఎట్టినాను, ఎవులికి అగుపడద్ది?" అంది.

అస్తరు ముదురాకుపచ్చది, నిజంగానే కనబడటం లేదు. సరేలే అని మడతపెట్టేశాను. పసుపు ఇంకా తడిగా ఉందని చూసుకోలేదు. రంగులు అంటుకోకుండా మడతల మధ్య కాగితం పెట్టమని అందరినీ సతాయించిన మనిషిని, నా గుడ్డకు నేను పెట్టుకోలేదు.

నార్వేలోని బెర్గెన్‌లో బస చేసిన గదిలో పొద్దున్నే పెట్టె తెరిస్తే తెల్ల అంచు మీద సగం అరచేయంత పసుపు. ప్రదర్శన జరిగే ఊరు ఓడలో అయిదు గంటల దూరం. ఆ మధ్యాహ్నం నాలుగింటిలోపు క్విల్టు అప్పగించాలి. నాతో వచ్చిన సరోజ మా సేల్స్ విభాగంలో చిన్న ఆఫీసరు, మాట చివర మలేసియా వాళ్ల 'లా' తగిలించనిదే మాట్లాడదు. "అయ్యో అక్కా, సబ్బెట్టి తోమేద్దాం లా," అంటూ నేను వద్దనేలోపే రుద్దేసింది. మరక కుంకుమలా ఎర్రబడింది. పిల్ల మొహం పాలిపోయింది.

సబ్బు తగిలితే పసుపు ఎర్రబడుతుంది, పులుపు తగిలితే మళ్లీ పసుపుపచ్చ అవుతుంది, ఎండ తగిలితే పోతుంది. ఇది ఏ శిక్షణలోనూ నేర్పలేదు, మా అమ్మ పెరట్లో చూసిందే. సబ్బంతా కడిగేసి, టిఫిన్ బల్ల మీది నిమ్మచెక్క పిండాను. ఎరుపు పోయి పసుపు మిగిలింది. ఇక కావలసింది ఎండ. వానలకు పేరుపడ్డ ఊళ్లో ఆ రోజు, ఏ దేవుడి దయో, ఎండ కాసింది.

ఓడ డెక్ మీద క్విల్టు పరిచి, గాలికి లేవకుండా అంచు క్లిప్పులతో బెంచీకి బిగించాం. ఫియోర్డ్ అంటే కొండల మధ్యకు చొరబడిన సముద్రం. ఓడ మలుపు తిరిగినప్పుడల్లా ఏదో ఒక కొండ నీడ వచ్చి మా మీద పడేది. అందరూ జలపాతాలు చూడటానికి అటు పరిగెడితే మేమిద్దరం ఎండ కోసం ఇటు పరిగెత్తాం, పెళ్లిలో అడ్డుతెర పట్టుకున్నట్టు చెరో కొస పట్టుకుని. గుడ్డ ఆరినప్పుడల్లా తాగే నీళ్లు చిలకరించాను, తడిమీద మరక త్వరగా వెలిసిపోతుందని. ఎండలో కూర్చున్న ఒక పెద్దాయన ఏమీ అడక్కుండా లేచి తన బెంచీ మాకిచ్చాడు. ఒకసారి మబ్బు కమ్మింది. నాకు ఏడుపొచ్చేసింది.

ఓడెక్కి నాలుగు గంటలు దాటాక సరోజ వంగి చూసి, "అక్కా, ఏటీ అగుపడ్డం లేదు లా!" అంది. నేను నమ్మలేదు. కళ్లజోడు తుడుచుకుని చూశాను, నీడలోకి తీసుకెళ్లి చూశాను. లేదు. బెంచీ మీద కూలబడి ఇద్దరం నవ్వుకున్నాం. అప్పుడు తల ఎత్తి చూస్తే ఎదురుగా నిటారుగా కొండ, దాని మీంచి దూకే నీళ్లు. పొద్దుటినుంచీ అలాంటివి మా పక్కనే ఉన్నాయి.

నాలుగింటికి ఇరవై నిమిషాల ముందు అప్పగించాం. బహుమతి రాలేదు. ఒక మూల దగ్గర అంచు మడత సూటిగా తిరగలేదని న్యాయనిర్ణేతలు మార్కులు తగ్గించారు, తెల్ల అంచు శుభ్రంగా ఉందని రాశారు. ఆ రెండో మాటే నాకు బహుమతి.

అమ్మకు ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను. "పసుపెట్టబట్టే ఎండ కాసినాది," అంది.

తిరిగొచ్చాక శాంపిల్ రూమ్‌లో ఒక పద్ధతి పెట్టాను: మరక దేనిదో తెలిసేదాకా సబ్బు ముట్టకూడదు. ఇంట్లో కుట్టే ప్రతి కొత్త క్విల్టుకూ ఇప్పటికీ పసుపు పెడతాను. ఆరిందో లేదో వేలితో తడిమి చూసుకుని, మధ్యలో కాగితం వేసి మడతపెడతాను.