సేన విడిచినవాళ్లకు కాఫీ

తమిళనాడు కోవిల్పట్టిలో తాయమ్మాళ్ నడిపే ఇడ్లీ కొట్టులో ఉన్నది ఒక్కటే బెంచి. మిల్లు పని మానుకున్నాక ఆమె మొగుడు మునుసామి ఆ బెంచి మీదే ‘మన రక్తం సేన’ పెట్టాడు. సేనలో ఉన్నది ఆయన, ఆయన బావమరిది సెల్వరాజ్, ఫోనులో వచ్చే వీడియోలు. మనవాళ్లు తప్ప బెంచి మీద ఇంకెవరూ కూర్చోరాదన్నది మొదటి తీర్మానం.

అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పనిచేసే ఇరుళప్పన్ ఏళ్లుగా అక్కడే కూర్చుని తినేవాడు. వాళ్లింట్లోనూ తెలుగే, కానీ కులం వేరు గనక సేన లెక్కలో ఆ తెలుగు చెల్లలేదు. ఇప్పుడు ప్లేటు చేత పట్టుకుని ఎండలో నిలబడ్డాడు. అతని వెంట వచ్చే ఫ్యాక్టరీ జనం ఎదురు కొట్టు వైపు చూడసాగారు. ఇలాగే సాగితే పొయ్యి ఆర్పుకోవలసిందేనని తాయమ్మాళ్‌కు అర్థమైంది.

పక్కింటి సంగవి విరుదునగర్ కాలేజీలో రాజనీతిశాస్త్రం చదువుతోంది. ఇట్లాంటి సేనలను ఏ దేశంలో ఏం చేస్తారని తాయమ్మాళ్ ఆమెను అడిగింది. జర్మనీలో సేననూ దాని గుర్తునూ నిషేధిస్తారంది సంగవి. తాయమ్మాళ్ బెంచి పక్కన కట్టిన సేన జెండా ఊడబీకి, గిన్నెలు దించే మసిగుడ్డ చేసుకుంది. మునుసామి దాని చోట తన తువ్వాలు కట్టాడు. అమెరికాలో అయితే ఎంతైనా మాట్లాడనిస్తారట. తాయమ్మాళ్ మొగుణ్ని ఒక పొద్దంతా మాట్లాడనిచ్చింది. తినేవాళ్లు పారిపోయి సాంబారు మిగిలిపోయింది.

“ఇంకే ఊర్లోనూ దారి లేదామ్మే?”

“స్వీడన్‌లో, విడిచి వచ్చేవాళ్లకి తోడుంటారంట అత్తా. కొత్త బతుకు చూపిస్తారంట.”

తాయమ్మాళ్ చూపించగలిగింది కాఫీ ఒక్కటే. సేన విడిచినవాళ్లకు ఉచితమని పలక మీద రాయించింది. మర్నాడే సెల్వరాజ్ విడిచాడు. ఎన్నడూ సేనలో లేని ఇసక్కిపాండీ విడిచాడు. ఆటోవాళ్లు విడిచారు. తాయిల్పట్టి బస్సు దిగినవాడొకడు, విడవాల్సింది ఏమిటని కూడా అడక్కుండా విడిచాడు. తన సేన ఇంత పెద్దదని మునుసామికి అప్పుడే తెలిసింది. పొంగిపోతూనే, వెళ్లిపోతున్నందుకు ఒక్కొక్కరినీ కోప్పడ్డాడు.

చివరికి ఇరుళప్పన్ వచ్చాడు.

“నేనూ విడిచేసినా అక్కా.”

మునుసామి లేచాడు. “నువ్వెప్పుడురా చేరినావు?”

“వీళ్లంతా ఎప్పుడు చేరినారో చెప్పయ్యా. ఆ దినమే నేనూ.”

మునుసామి బెంచి పొడుగునా కాఫీ తాగుతున్నవాళ్లను చూశాడు. వీళ్లెవరూ చేరలేదని ఒప్పుకుంటే సేనలో తానొక్కడే మిగులుతాడు. మళ్లీ కూర్చుని, కాస్త జరిగాడు.

ఇరుళప్పన్ ఆ పక్కనే కూర్చున్నాడు. కాఫీ తరవాత, ముందు ఇడ్లీ వెయ్యమన్నాడు.